హోం థియేటర్‌కు లైఫ్ సర్టిఫికెట్

ప్రతి సంక్షేమ సంస్థకూ అరవై అయిదంగుళాల టీవీ ఒకటి ఇవ్వాలని పైన ఎవరికో తోచింది. తోచినవారు జిల్లాల నుంచి జాబితాలు తెప్పించుకున్నారు గానీ వాటిని చదివే పని పెట్టుకోలేదు. అందువల్ల వసతి గృహాలకూ, శిశు విహారాలకూ వచ్చినట్టే ప్రభుత్వ అంధుల వృత్తి శిక్షణ కేంద్రానికి కూడా ఒక టీవీ వచ్చింది. పథకం పేరు ‘దృశ్య వికాసం’.

ప్రారంభోత్సవానికి డిప్యూటీ డైరెక్టర్ హేమనళిని గారు స్వయంగా విచ్చేశారు. కుర్చీలల్లే పని ఆపించి ముప్ఫై ఆరుగురు శిక్షణార్థులనూ హాల్లో కూర్చోబెట్టారు. ఆవిడ రిబ్బను కత్తిరించి, గొంతు సవరించుకున్నారు.

“దృశ్య మాధ్యమం అందుబాటులో లేని చిట్టచివరి లబ్ధిదారు వద్దకు సైతం దృశ్యాన్ని చేర్చడమే ఈ పథకం ధ్యేయం. ఆ చిట్టచివరి లబ్ధిదారులు మీరేనని చెప్పడానికి గర్విస్తున్నాను.”

చిట్టచివరి లబ్ధిదారులు చప్పట్లు కొట్టారు. తరువాతి కార్యక్రమం లబ్ధిదారుల అభిప్రాయ సేకరణ. మొదటి వరసలో కూర్చున్న కట్టోజు సోమాచారి నోటి దగ్గర మైకు పెట్టారు.

“చిత్రం నాణ్యత ఏ విధంగా ఉన్నదో నిర్భయంగా తెలియజేయవలసింది.”

“మీకు ఎట్ల కనబడ్తున్నదో అట్లనే ఉన్నది మేడం,” అన్నాడు సోమాచారి.

‘అత్యంత సంతృప్తికరం’ అని గుమాస్తా రాసుకున్నాడు.

సోమాచారి ఈ కేంద్రంలో చేరి ఏడాది దాటింది. అంతకు ముందు ఇరవై రెండేళ్ళు బస్టాండు పక్కన రేడియోలు, టీవీలు బాగుచేసిన మనిషి. వాడు ముట్టుకుంటే పలకని డబ్బా లేదని ఆ చుట్టుపక్కల పేరు. నీటికాసుల జబ్బు ముందు ఎడమ కంటినీ, తరువాత కుడి కంటినీ తీసుకుపోయింది. దుకాణం మూతపడింది. భార్య అనసూయ బీడీలు చుట్టి ఇల్లు లాక్కొస్తోంది. కుర్చీలల్లడం నేర్చుకున్నాడు గానీ, ఆ కుర్చీలు కొనే నాథుడు ప్రభుత్వం తప్ప ఎవడూ లేడు. ప్రభుత్వం ప్లాస్టిక్ కుర్చీలు కొంటుంది.

ఇలాంటి సమయంలో ఒక మంచి కబురు వచ్చింది. జిల్లా ఆస్పత్రుల్లో టెలిఫోన్ ఆపరేటర్ల ఉద్యోగాలు, అచ్చంగా చూపు లేనివాళ్ళకే. కేంద్రంలో ఉన్న ముప్ఫై ఆరుగురూ దరఖాస్తు పెట్టారు. సోమాచారికి వయసు పరిమితి ఈ ఏడాదితో సరి. ఇది తప్పితే ఇక జీవితమంతా కొనేవాడు లేని కుర్చీలే. పరీక్షకు తయారు చేసే పాఠాలు అరవై రోజులు, రోజూ నాలుగింటి నుంచి అయిదింటిదాకా ప్రసారమవుతాయి. అవి వచ్చేది కొత్త టీవీతో పాటు ఇచ్చిన పథకం సెట్‌టాప్ డబ్బాలో మాత్రమే. కాబట్టి టీవీ వచ్చిందని అందరికంటే ఎక్కువ సంతోషపడినవాడు సోమాచారే.

ఆ సంతోషం మొదటి పాఠం దాకా ఉంది.

టీవీని గోడకు ఏడడుగుల ఎత్తున బిగించారు. దాని స్పీకర్లు వెనక వైపున ఉన్నాయి, అది పలికేదంతా గోడకు చెబుతుంది. పైన రేకుల కప్పు, ఆరు పంకాల రొద. పైగా వీక్షకుల కంటి ఆరోగ్యం దృష్ట్యా టీవీకి పన్నెండు అడుగుల దూరంలో కూర్చోవాలని పథకం నిబంధన. సూపరింటెండెంటు విఠల్‌రావు టేపు పెట్టి కొలిచి నేల మీద పసుపు గీత గీయించాడు. గీత కనబడని వాళ్ళ కోసం దాని మీదుగా తాడు కూడా కట్టించాడు. ముప్ఫై ఆరుగురు కళ్ళ ఆరోగ్యం కాపాడుకుంటూ తాడుకు ఇవతల కూర్చుని చెవులు రిక్కించారు. మాట ఒక్కటీ అందలేదు.

“ఎవరో మూతికి గుడ్డ కట్టుకొని గొణుగుతున్నట్టున్నది సోమన్నా,” అంది బాలమణి. నల్లబెల్లి నుంచి వచ్చిన పిల్ల, క్లాసులో ఆమె జ్ఞాపకశక్తిని మించింది లేదు. “గిట్లయితె పరీచ్చెట్ల రాస్తం?”

సోమాచారి తాడు దాటాడు. తడుముకుంటూ స్టూలు తెచ్చుకుని ఎక్కి, టీవీ వెనక చెయ్యి పెట్టాడు. వేళ్ళు వాటంతట అవే పనిలోకి దిగాయి. బల్లపరుపు సందులు రెండు, డబ్బా తీగ దూరినది ఒకటి, చివరన చిన్న తలుపున్న చదరపు రంధ్రం ఒకటి. ఎరుపు, తెలుపు పిన్నులు పెట్టే గుండ్రటి రంధ్రాలు వెతికాడు. అవి లేవు. హాలు నాలుగు మూలలా, మధ్యనా పాత హోం థియేటర్ పెట్టెలు అయిదున్నాయి, కింద పెద్ద వూఫర్ ఉంది. పదేళ్ళ కిందట ‘వినోద సంక్షేమం’ అనే పథకంలో వచ్చాయి. పాత లావు టీవీ పాడయ్యేవరకూ హాలంతా మోగించాయి. ఈ ఏడాదిగా వాటిని దుమ్ము దులిపి చూసుకున్నది సోమాచారే. ఆ పెట్టెలకు ఎరుపు తెలుపు పిన్నులు తప్ప మరొకటి తెలియదు.

స్టూలు దిగి నేరుగా విఠల్‌రావు గదికి వెళ్ళాడు.

“సార్, కొత్త టీవీల పాత పిన్నులు పట్టయి. కానీ వెనక చిన్న తలుపు రంధ్రమున్నది. అండ్ల నుంచి శబ్దం వెలుతురు రూపంల బయటికొస్తది. ఆ వెలుతురును మళ్ల మామూలు శబ్దం చేసే డబ్బ ఒకటి దొరుకుతది, అగ్గిపెట్టెంత ఉంటది. బజారుకు పోయి నేనే తెస్త. పావుగంట పని.”

విఠల్‌రావుకు పదవీ విరమణ ఇంకా రెండేళ్ళు. ఆ రెండేళ్ళూ ఏమీ జరగకుండా ఉండాలన్నదే ఆయన కోరిక. పావుగంట పని అనగానే చెమట పట్టింది.

“నువ్వు టీవీ ఎనక చెయ్యి పెట్టినవా?”

“పెట్టకుంటె ఎట్ల తెలుస్తది సార్?”

“ఓరి దేవుడా! ఇగో సోమాచారీ, విను. కొత్తది దృశ్య వికాసం. పాతది వినోద సంక్షేమం. దాని డైరెక్టరు ఏరే, దీని డైరెక్టరు ఏరే. రెండు పథకాల నడుమ వైరేసుడు ఇంతవరకు ఏ జీవోల లేదు. రేపు ఆడిటోళ్ళొచ్చి ఆ వైరు ఏ పథకందని అడిగితె నా పింఛను ఆగుతది. ఇంకో మాట. నువ్వు లబ్ధిదారువి. లబ్ధిదారు సాంకేతిక అభిప్రాయం చెప్పరాదు.”

“ఇరవై రెండేండ్లు ఇదే పని చేసిన కద సార్.”

“అప్పుడు లబ్ధిదారువు కాదు కదా.”

ఆ సాయంత్రమే టీవీ వెనక ఖాళీగా ఉన్న రంధ్రాలన్నిటికీ కాగితం అంటించి, లక్క కరిగించి, ఆఫీసు ముద్ర వేశారు. సీలు తెగితే శిక్షణార్థికి సీటు పోతుందని బోర్డు కూడా రాయించారు. రంధ్రాల రక్షణ పూర్తయ్యాక, ఎందుకైనా మంచిదని విఠల్‌రావు జిల్లా ఆఫీసుకు ఒక లేఖ పెట్టాడు.

తొమ్మిదో పాఠం నాటికి జవాబు వచ్చింది. దాన్ని విఠల్‌రావు సోమాచారికి చదివి వినిపించాడు.

‘సదరు హోం థియేటర్‌కు నిర్ణయించిన ఆయుష్షు ఏడు సంవత్సరములు. రికార్డుల ప్రకారం అది మూడు సంవత్సరముల క్రితమే కాలధర్మం చెందియున్నది. మృత సాధనమును సజీవ సాధనముతో అనుసంధానించుటకు నిబంధనలు అంగీకరించవు. ఒకవేళ సదరు సాధనం జీవించియున్నదని మీరు భావించు పక్షంలో, అది స్వయంగా ఈ కార్యాలయమునకు హాజరై లైఫ్ సర్టిఫికెట్ పొందవలెను.’

సోమాచారికి నవ్వు రాలేదు. ఏటేటా తాను పడుతున్నదే ఇది. పోయిన కళ్ళు తిరిగి రాలేదని ప్రతి సంవత్సరం నడుచుకుంటూ పోయి రుజువు చేసుకోవాలి. లేకపోతే కాగితాల మీద చూపు వచ్చేస్తుంది, పింఛను ఆగిపోతుంది. తనకే అంత ఉన్నప్పుడు ఒక వూఫర్‌ను వదులుతారని ఎందుకనుకోవాలి? అయినా అతని ఒళ్ళు మండింది. రోజుకొక పాఠం గోడ వింటోంది.

వూఫర్‌నూ, అయిదు పెట్టెలనూ ఆటోలో ఎక్కించుకుని సోమాచారీ, విఠల్‌రావూ జిల్లా ఆఫీసుకు వెళ్ళారు. లైఫ్ సర్టిఫికెట్లు ఇచ్చే కిటికీ ఒకటే. పింఛనుదారులతో పాటు హోం థియేటర్‌కూ టోకెన్ ఇచ్చారు, ముప్ఫై ఒకటో నెంబరు. సోమాచారి వూఫర్‌ను ఒడిలో పెట్టుకుని బెంచీ మీద కూర్చున్నాడు.

“పేరు?” అన్నాడు కిటికీలో గుమాస్తా.

“హోం థియేటర్,” అన్నాడు విఠల్‌రావు.

“తండ్రి పేరు?”

విఠల్‌రావు కంపెనీ పేరు రాయించాడు.

“గుర్తింపు చిహ్నాలు రెండు?”

“వూఫర్ మీద గీతలు రెండు. ఎడమ దిక్కు చాయ్ మరక,” అన్నాడు సోమాచారి. “మరక చెయ్యికి తగుల్తది.”

గుమాస్తా తల బయట పెట్టి మరకను పరీక్షించాడు. సాధనం వయోవృద్ధుల కోటాలోకి వస్తుందా, దివ్యాంగుల కోటాలోకి వస్తుందా అన్న దగ్గర పెన్ను ఆగింది. పలికేదీ లేనిదీ తేలలేదు కాబట్టి రెండూ కొట్టేసి లోపలికి పంపాడు.

లోపల హేమనళిని గారు, పక్కనే మరో గెజిటెడ్ అధికారి కూర్చుని ఉన్నారు. ఇద్దరి సమక్షంలో సాధనం తన జీవితాన్ని నిరూపించుకోవాలి.

“మాట్లాడించండి,” అన్నారు ఆవిడ.

“టీవీకి కలిపితేనే మాట్లాడ్తది మేడం.”

“టీవీకి కలపడానికే కదా ఈ సర్టిఫికెట్. సర్టిఫికెట్ లేనిదే కలపడానికి వీల్లేదు. కలపకుండా మాట్లాడించండి.”

సోమాచారి కరెంటు ప్లగ్గు ఎక్కడుందో అడిగి వూఫర్‌కు పెట్టించాడు. బటన్ తిప్పాడు. ఎర్ర పిన్ను వెతికి పట్టుకుని, వేలు నాలుకకు తాకించి, దాని మొనను ముట్టుకున్నాడు. మెకానిక్కులందరూ చేసే పరీక్షే అది. వూఫర్ “భుమ్మ్‌...” అని గది అదిరేలా పలికింది. బల్ల మీది పేపర్‌వెయిట్లు కదిలాయి. హేమనళిని గారు కుర్చీ వెనక్కి జరిపారు.

“బతికే ఉన్నది మేడం,” అన్నాడు సోమాచారి. చాలా రోజుల తరువాత అతని గొంతులో పాత దుకాణం ధీమా వినిపించింది.

ఆవిడ తేరుకుని ఫైలు మీద ఇలా రాశారు: ‘సాధనం మూలిగినది. మూలుగుట జీవలక్షణమే అయినప్పటికీ ఆరోగ్య లక్షణం కాదు. కావున ఫిట్‌నెస్ నిమిత్తం ఇంజినీరింగ్ విభాగానికి పంపవలెను.’

పంపారు. అక్కడ అది పదహారు రోజులు బీరువా మీద ఉంది. ఇంజినీరు గారు దాన్ని ముట్టుకోకుండానే ఆరోగ్యంగా ఉన్నట్టు తేల్చి, అసలు సమస్య వైరుదని కనిపెట్టారు. వైరు దృశ్య వికాసంలో మొదలై వినోద సంక్షేమంలో ముగుస్తుంది. కాబట్టి సగం వైరు ఒకరిది, సగం ఇంకొకరిది. నడుమ ఎక్కడ తెగుతుందో కొలిచి హద్దు పెట్టడానికి ఏడుగురితో ‘అనుసంధాన కమిటీ’ ఏర్పడింది. ఏడుగురిలో టంకం కడ్డీ పట్టుకున్న చెయ్యి ఒక్కటీ లేదు. కమిటీ తొలి సమావేశంలో తన పేరులో ‘ఉన్నతస్థాయి’ అని చేర్చుకుంది.

ఈలోగా సోమాచారి ఆగలేకపోయాడు. ఇరవయ్యో పాఠం మొదలవుతుండగా తాడు దాటి, స్టూలెక్కి, చెవిని టీవీ వెనక గోడ సందులో పెట్టాడు. టీవీ గోడకు చెబుతున్న ప్రతి మాటా అక్కడ స్పష్టంగా వినిపించింది. దాన్ని గొంతెత్తి హాలంతటికీ చెప్పడం మొదలుపెట్టాడు.

“మూడో రింగు లోపల్నే ఫోనెత్తాలె! ముందుగాల ఆస్పత్రి పేరు చెప్పాలె, ఎనక నమస్కారం! ఏడ్చుకుంట మాట్లాడేటోళ్ళను మధ్యల ఆపొద్దు, ఊరు పేరు మాత్రం తప్పక అడగాలె!”

“అందరికి అందుతున్నదా?” అని అడిగేవాడు మధ్యలో.

“అందుతున్నది సోమన్నా!” అనేవారు ముప్ఫై అయిదుగురు.

అలా ఇరవై రెండు పాఠాలు చెప్పాడు. మెడ పట్టేసింది, గొంతు బొంగురుపోయింది, రాత్రిళ్ళు ఉప్పునీళ్ళు పుక్కిలించేవాడు. విఠల్‌రావు నాలుగింటికల్లా తన గది తలుపు వేసుకునేవాడు. చూస్తే రాయాల్సి వస్తుందని చూడలేదు.

చూసింది తనిఖీ బృందం. వీక్షకుల కళ్ళు టీవీకి ఎంత దూరంలో ఉన్నాయో కొలవడానికి వచ్చి, స్టూలు మీద సోమాచారిని కనుగొంది. వారం తిరక్కుండా మెమో దిగింది. ‘టీవీకి, వీక్షకులకు నడుమ ఉచ్చారణ సాధనంగా వ్యవహరించుచున్న లబ్ధిదారు ఏ పథకం క్రింద మంజూరైనదీ, ఎవరి ఉత్తర్వు మేరకు అమర్చబడినదీ మూడు రోజులలో తెలియజేయవలెను. అమరిక అక్రమమైన పక్షంలో తక్షణం తొలగించవలెను.’

సోమాచారిని తొలగించారు. స్టూలును స్వాధీనం చేసుకున్నారు. మిగిలిన పంతొమ్మిది పాఠాలనూ మళ్ళీ గోడే నేర్చుకుంది. బాలమణి ఊరుకోలేదు. విన్న ఇరవై రెండింటినీ పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి పూస గుచ్చినట్టు అప్పజెప్పి అందరిచేతా వల్లె వేయించింది.

ఉన్నతస్థాయి అనుసంధాన కమిటీ ఎట్టకేలకు అనుమతి ఇచ్చింది. పాత హోం థియేటర్‌ను కొత్త టీవీకి కలిపే మహోత్సవం ఇరవై మూడో తేదీ ఉదయం పది గంటలకు. మంత్రిగారి సందేశం టీవీలో వస్తుంది. లబ్ధిదారుల హాజరు నూటికి నూరు శాతం ఉండాలి.

 పరీక్ష కూడా ఇరవై మూడునే, పదకొండు గంటలకు. పదీ నలభై అయిదుకు గేటు మూసేస్తారు. ఏర్పాట్లు చూడ్డానికి వచ్చిన హేమనళిని గారి ముందు సోమాచారి చేతులు జోడించాడు.

“మేడం, ఆ పాఠాలు వినడానికే గద హోం థియేటర్ అడిగినం. ఆ పరీక్షే పోతె ఇగ అది దేనికి?”

“లబ్ధి పొందే కార్యక్రమానికి లబ్ధిదారులే లేకపోతే ఎలా? పరీక్షలు మళ్ళీ వస్తాయి.”

“నాకు రాదు మేడం. వయసు దాటుతది.”

“వయసు మా విభాగం పరిధిలోకి రాదు,” అని ఆవిడ పూలదండల సంగతి చూడ్డానికి వెళ్ళారు.

కార్యక్రమం నాడు హడావుడి ఎందుకని ముందురోజే ముప్ఫై ఆరుగురి వేలిముద్రలూ తీసుకున్నారు. ‘ఇరవై మూడున ఉదయం పది నుండి పన్నెండు వరకు సభలో ఉండి, సందేశం ఆసాంతం శ్రద్ధగా విన్నాము’ అని ఉంది కాగితంలో. సోమాచారికి సంతకం చేయడం వచ్చు. కానీ చూపు లేనివాళ్ళు వేలే వేయాలట.

ఆ రోజు రానే వచ్చింది. ముందు వరసలో సోఫాలు, వాటిలో అధికారులు, వెనక కుర్చీల్లో శిక్షణార్థులు. హాల్ టిక్కెట్లు అందరి జేబుల్లోనే ఉన్నాయి. పరీక్ష జరిగే కాలేజీ రెండు వీధుల అవతలే. లక్క సీళ్ళు పగలగొట్టడానికే పావుగంట పట్టింది. ఇంజినీరు గారు వైరుకు నడుమ హద్దుగా ఎర్ర రిబ్బను కట్టి, అగ్గిపెట్టెంత డబ్బా తగిలించి, స్విచ్చి వేశారు. అయిదు పెట్టెల్లో ఒక్కటీ కిక్కురుమనలేదు. మళ్ళీ వేశారు. ఏడుగురు కమిటీ సభ్యులూ వంతులవారీగా వేశారు. పదీ ఇరవై అయింది.

సోమాచారికి ఆగే ఓపిక లేదు. “సార్, వైరు తప్పు కాదు. టీవీ సెట్టింగులల్ల శబ్దం దగ్గర పీసీఎం అని ఉంటది. అది పెట్టుండ్రి. పాత పెట్టెకు కొత్త భాష రాదు.”

“లబ్ధిదారు సాంకేతిక...” అని ఎవరో మొదలుపెట్టారు. ఇంజినీరు గారు అప్పటికే నొక్కేశారు.

హాలు దద్దరిల్లింది. మంత్రిగారి సందేశం అయిదు పెట్టెల నుంచీ ఒక్కసారిగా విరుచుకుపడింది. రేకులు కంపించాయి. అధికారులు కళ్ళార్పకుండా తెర వైపు చూస్తూ, తల ఆడిస్తూ, చప్పట్లు కొడుతున్నారు. ఆ మోతలో పక్కవాడి తుమ్ము కూడా వినబడదు. ఆ సంగతి హాల్లో మొదట తట్టింది సోమాచారికి.

లేచి బాలమణి భుజం తట్టాడు. ఆమె వెనకవాళ్ళను తట్టింది. ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేసుకుని ముప్ఫై ఆరుగురూ బారుగా వెనక తలుపు వైపు నడిచారు. కర్రలు తగిలాయి, ఒక కుర్చీ దబ్బున పడింది. సోఫాల్లో ఒక్క తలా తిరగలేదు. తలుపు దగ్గర విఠల్‌రావు నిలబడి ఉన్నాడు. ముప్ఫై ఆరుగురూ తన ముందు నుంచి పోతుంటే ఆయన సీలింగు పంకా వైపు చూస్తూ ఉండిపోయాడు. జీవితంలో ఆయన చేసిన ఒకే ఒక్క మంచి పని అది, అదీ ఏమీ చేయకుండా చేసింది.

గేటు మూయడానికి రెండు నిమిషాల ముందు కాలేజీ చేరారు.

నెలన్నర తరువాత ఫలితాలు వచ్చాయి. పదకొండు మంది నెగ్గారు. జిల్లాకు మొదటివాడు సోమాచారి, రెండోది బాలమణి. అనసూయ బీడీల చేట పక్కన పెట్టి ఆ రోజుకు సెలవన్నది. ఆ సంబరం నాలుగు రోజులే. అయిదో రోజున నియామక బోర్డు నుంచి లేఖ వచ్చింది. ‘ఇరవై మూడో తేదీ పరీక్షా సమయంలో మీరందరూ అనుసంధాన మహోత్సవంలో ఉన్నట్టు నూరు శాతం వేలిముద్రలతో రుజువై ఉన్నది. ఒక వ్యక్తి ఏకకాలంలో రెండు చోట్ల ఉండుట అసాధ్యం. కావున పరీక్ష వ్రాసినది మీరు కాదు.’

విచారణకు రాజధాని నుంచి ఒక అధికారి దిగారు. హాజరులో నూరు శాతం సాధించినందుకు హేమనళిని గారికి అప్పటికే ప్రశంసాపత్రం వచ్చింది. ఆవిడ దాన్ని ఫైలు మీద కనబడేలా పెట్టుకుని కూర్చున్నారు.

“సభలో అందరూ ఉన్నారా మేడం?” అన్నారు విచారణాధికారి.

“ఆసాంతం ఉన్నారు. సందేశం ఎంత శ్రద్ధగా విన్నారంటే హాల్లో చిన్న అలికిడి కూడా లేదు.”

“ఏం సోమాచారీ, ఇది నీ వేలిముద్రేనా?”

“నాదే సార్. కానీ అది ముందురోజుది.”

“వేలిముద్రకు తేదీ ఉండదు. కాగితానికే ఉంటుంది. నువ్వు సభలో లేవనడానికి ఆధారమేమిటి?”

సోమాచారి ఇన్నాళ్ళూ చూపు పోయిందని రుజువు చేసుకున్నాడు, వూఫర్ బతికుందని రుజువు చేశాడు. ఇప్పుడు తానొక చోట లేడని రుజువు చేయాలి. నెమ్మదిగా అన్నాడు:

“సార్, సభల ఉన్నోళ్ళకు ఆ సందేశం యాదికుంటది కద. గంటన్నర విన్నరాయె. మంత్రిగారు ఏం చెప్పిండ్రో నన్ను అడుగుండ్రి. ఒక్క ముక్క గూడ నాకు తెల్వదు. మావోళ్ళు ముప్ఫై ఆరుగురిని అడుగుండ్రి. పరీచ్చెల ఏమొచ్చిందో అడిగితె మాత్రం ఒక్క ప్రశ్న ఇడువకుంట చెప్తం.”

విచారణాధికారికి ఇది నచ్చింది. ఆయన ఏ నియమాన్నైనా చివరిదాకా పాటించే మనిషి. “సబబే. సభలో ఉన్నవారికి సందేశం తెలిసి ఉండాలి. తెలియనివారు సభలో లేరు.” అని కలం తీశారు. “పోల్చి చూడ్డానికి సందేశ సారాంశం కావాలి. చెప్పండి మేడం, మంత్రిగారు ఏమన్నారు?”

హేమనళిని గారు నోరు తెరిచారు. ప్రశంసాపత్రం వైపు చూశారు. “అభివృద్ధి... గురించి,” అన్నారు.

“ఏమని?”

“బాగా... అన్నారు.”

ఇంజినీరును అడిగారు. ఉన్నతస్థాయి కమిటీ ఏడుగురినీ వరసగా అడిగారు. ఒకరికి నమస్కారం దాకా గుర్తుంది. విఠల్‌రావు తాను పంకా చూస్తున్నానని నిజం చెప్పాడు. విచారణాధికారి అందరి జవాబులూ రాసుకుని, అక్కడికక్కడే ఉత్తర్వు చదివారు.

‘పై సాక్ష్యముల రీత్యా ఇరవై మూడో తేదీ సభలో లబ్ధిదారులు గానీ, అధికారులు గానీ ఎవరూ లేరని తేలినది. కావున సభ జరగలేదు. పరీక్ష చెల్లును. జరగని సభలో కలిపిన వైరు కలిపినట్టు కాదు గనుక తక్షణం తీసివేయవలెను. తీసివేసిన పిమ్మట శబ్దం రావడం లేదని లబ్ధిదారుల నుండి ధ్రువీకరణ పొందవలెను.’

సోమాచారికి సగం సంతోషం, సగం గుండె కోత. ఉద్యోగం దక్కింది. కానీ అప్పటికే కేంద్రంలో కొత్తగా ముప్ఫై ఆరుగురు చేరారు. వాళ్ళకూ పాఠాలు మొదలయ్యాయి, పదకొండో పాఠం నడుస్తోంది. హోం థియేటర్ నోరు మూస్తే వాళ్ళ నోటి దగ్గర కూడు తీసినట్టే.

“సార్, ఆ వైరు నేనే తీస్త,” అన్నాడు. “ఇప్పుడు నేను లబ్ధిదారును కాదు. ఉద్యోగిని.”

అభ్యంతరం ఎవరికీ దొరకలేదు. మర్నాడు నాలుగు గంటలకు ముందే సోమాచారి కేంద్రానికి వెళ్ళాడు. స్టూలు విడిపించుకుని ఎక్కాడు. ఎర్ర రిబ్బనుతో సహా వైరు పీకాడు. పిన్నుల దుమ్ము చొక్కా అంచుతో తుడిచాడు. తుడిచి మళ్ళీ పెట్టాడు. ఉత్తర్వులో తీయమని ఉంది. మళ్ళీ పెట్టవద్దని ఎక్కడా లేదు.

“తీసినవా?” అన్నాడు విఠల్‌రావు.

“తీసిన సార్. మీ కండ్ల ముందటనే తీసిన గద.”

విఠల్‌రావు అవునన్నాడు. స్టాంపు ప్యాడు, కాగితాలు చేత పట్టుకుని కొత్త వాళ్ళ మధ్యకు వెళ్ళాడు. నాలుగయింది. అయిదు పెట్టెలూ ఒక్కపెట్టున అందుకున్నాయి, పాఠం హాలంతా మారుమోగింది. ఆయన మొదటి వరసలోని ఒక కుర్రాడి చెవి దగ్గర వంగి, మోత మీదుగా వినబడాలని గొంతు చించుకుని అరిచాడు:

“శబ్దం వస్తలేదని ఇక్కడ వేలెయ్యి!”

“ఏంది సార్, వినబడ్తలేదు!”

“అదే! అదే రాసిన! ఎయ్యి!”